3 ఏళ్ల బాబుకి బిహేవియర్ థెరపీ రాశారు. థెరపిస్టుని ఎలా ఎంచుకోవాలి? వారానికి 30 గంటలు తప్పదా?

ఖమ్మం_అమ్మ:

అందరికీ నమస్కారం. బాబుకి 3 ఏళ్ల 2 నెలలు. డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ చూసి ఆటిజం అని రాసిచ్చారు. కాగితం చివర "స్పీచ్, ఓటీ, ఏబీఏ" అని మూడు మాటలున్నాయి. అంతకుమించి వివరం లేదు.

మాటలు రెండు మూడే. ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. ఫోన్ తీసుకుంటే నేల మీద పడిపోయి తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. పిలిస్తే ఒకోసారి పలుకుతాడు, ఒకోసారి పలకడు.

హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు వారానికి 30 గంటలు రావాలన్నారు. నెలకి 28 వేలు, ఆరు నెలలది ముందే కట్టాలట. సెషన్ జరిగేటప్పుడు తల్లిదండ్రులు లోపలికి రాకూడదట. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్నారు.

నాకు తెలియాల్సినవి: ఏబీఏ అంటే అసలు ఏం చేస్తారు? థెరపిస్టు చదువు సరైనదో కాదో ఎలా చూసుకోవాలి? ఇన్ని గంటలు నిజంగా కావాలా? ఖమ్మంలోనే ఉండి చేయించుకునే దారి ఏమైనా ఉందా?

ఏబీసీ_నోటు:

మొదటి ప్రశ్న వరకు నేను చెప్తానండీ. మిగతావి తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

ఏబీఏ అంటే అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్. ఒక పని ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఆ వెంటనే వాడికి ఏం దక్కింది, ఈ మూడూ రాసి చూడటమే దీని పునాది. పని తర్వాత దక్కినది వాడికి పనికొస్తే ఆ పని మళ్లీ చేస్తాడు. అందరికీ వర్తించే సూత్రమే ఇది, ఆటిజంకి ప్రత్యేకమేమీ కాదు.

మీ ఫోన్ సంగతే తీసుకుందాం. ముందు: చేతిలో ఫోన్ ఉంది, మీరు తీసుకున్నారు. పని: పడిపోయాడు, చెయ్యి కొరికాడు. తర్వాత: బహుశా ఎవరో ఒకరు ఫోన్ మళ్లీ ఇచ్చేశారు. ఇక్కడ కొరకడం వాడి భాష. "అది నాకు కావాలి" అని చెప్పడానికి వాడి దగ్గరున్న పనిముట్టు అదొక్కటే. కొరకడం మాన్పించాలంటే అంతకన్నా తేలికైన ఇంకో పనిముట్టు చేతికివ్వాలి. బొమ్మ ఉన్న కార్డు కావచ్చు, సైగ కావచ్చు, మాట కావచ్చు. దీన్ని ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్ అంటారు. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి. ఇవాళ్టికీ బిహేవియర్ థెరపీలో నేను అన్నిటికన్నా ముందు అడిగేది ఇదే.

కానీ కారణం ముందు తేలాలి. ఒకే కొరకడం వెనక నాలుగు రకాల కారణాలుండొచ్చు: వస్తువు కావాలి, పని తప్పించుకోవాలి, మనిషి తనవైపు చూడాలి, లేదా కొరికితే ఒంటికి ఏదో హాయిగా ఉంది. అందుకని ఒక వారం పాటు నోటుబుక్‌లో ఐదు గళ్లు గీసి రాయండి: సమయం, ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఎవరేం చేశారు, ఎంతసేపు. "కోపం వచ్చింది", "మొండికేశాడు" అని రాయకూడదు. కంటికి కనపడింది మాత్రమే రాయాలి. వారం తర్వాత చూస్తే వరస దానంతటదే బయటపడుతుంది. ఎక్కువగా ఫోన్ తీసినప్పుడేనా, స్నానానికి పిలిచినప్పుడు కూడానా, ఎవరూ లేనప్పుడు కూడానా అన్నది తెలుస్తుంది. ఎవరూ లేనప్పుడు కూడా కొరుకుతున్నా, అకస్మాత్తుగా ఎక్కువైనా బిహేవియర్ ప్లాన్ జోలికి పోకుండా పళ్లు, చెవులు, మలబద్ధకం ముందు చూపించండి. మాట రాని పిల్లాడు చెవిపోటుని కూడా ఇలాగే చెప్తాడు.

కారణం "వస్తువు కావాలి" అని తేలితే నేర్పే తీరు ఇదీ. ఫోన్‌తో మొదలెట్టకండి, అది మరీ వేడి మీదున్న వస్తువు. బుడగల డబ్బాయో, జంతిక ముక్కో తీసుకోండి. దాని ఫోటో ఒకటి ప్రింట్ చేసి లామినేట్ చేయించండి. ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా వస్తువు పట్టుకుని కూర్చోవాలి. రెండోవారు పిల్లాడి వెనక కూర్చోవాలి, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. వాడు వస్తువు కోసం చెయ్యి చాపగానే వెనకున్నవారు ఆ చేతిని కార్డు మీదికి నడిపి, తీయించి, ఎదుటివారి అరచేతిలో పెట్టించాలి. కార్డు చేతిలో పడ్డ క్షణంలోనే "జంతిక!" అని వస్తువు ఇచ్చెయ్యాలి. "ఏం కావాలి చెప్పు?" అని అడగకూడదు. అడిగితే, ఎవరో అడిగేదాకా ఆగడం నేర్చుకుంటాడు. వెనకనుంచి చేసే సాయాన్ని చివరి నుంచి తగ్గించుకుంటూ రావాలి: ముందు అరచేతిలో వదలడం వాడికే వదిలెయ్యండి, తర్వాత చేయి చాపి ఇవ్వడం, ఆఖరుకి కార్డు తీయడం. ఇది పెక్స్ అనే పద్ధతిలో మొదటి దశ. మొత్తం ఆరు దశలుంటాయి.

ముక్క చిటికెన గోరంత ఉండాలి. జంతిక మొత్తం చేతికిస్తే ఒక్కసారి అడిగి వెళ్లిపోతాడు. భోజనం అయిన వెంటనే తిండి పెట్టి నేర్పబోతే కూడా నడవదు, కడుపు నిండినవాడికి జంతికతో పనేముంది.

ఎక్కడ చెడుతుందంటే: అమ్మ ఇవ్వదు, నానమ్మ ఇచ్చేస్తుంది. లేదా మొదటి ఐదు నిమిషాలు గట్టిగా నిలబడి పదో నిమిషంలో ఫోన్ చేతిలో పెట్టేస్తారు. అప్పుడు వాడు నేర్చుకునేది "పది నిమిషాలు ఏడిస్తే వస్తుంది" అని. ఇంకోటి, ఇదివరకు ఏడిస్తే వచ్చేది రాకపోతే మొదట ఏడుపు పెరుగుతుంది, తర్వాతే తగ్గుతుంది. ఇది ముందే చెప్పని థెరపిస్టు ఉంటే ఆ పెరిగిన రోజునే ఇంట్లో అందరూ కలిసి ప్లాన్ ఆపేస్తారు. అలాగని చెయ్యి కొరుక్కుంటుంటే పట్టించుకోకుండా ఉండమని ఎవరైనా అంటే వినొద్దు. చెయ్యి అడ్డం పెట్టాలి, దెబ్బ తగలకుండా చూడాలి. ముఖంలో కంగారు లేకుండా, ఉపన్యాసం లేకుండా.

ఫైలు_మాస్టారు:

చదువు, కాగితాలు, ప్రభుత్వ దారులు నేను రాస్తాను.

మన దేశంలో "థెరపిస్టు" అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. కాబట్టి ఎవరు ఏ చట్టం కిందికి వస్తారో తెలుసుకుంటే సగం వడపోత అయిపోతుంది.

స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, ఈ ముగ్గురికీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. 1992 నాటి చట్టం. ఆ నంబరుని సీఆర్ఆర్ నంబరు అంటారు. సర్టిఫికెట్ గోడకి వేలాడుతుంటే సరిపోదు. నంబరు రాసుకుని ఆర్సీఐ వెబ్‌సైట్‌లో పేరు, కోర్సు, గడువు మూడూ కలుస్తున్నాయో చూడండి. గోడ మీది పేరు ఒకరిది, పిల్లాడితో కూర్చునేది ఇంకొకరు, ఇది చాలా చోట్ల మామూలే. "మా బాబుతో రోజూ కూర్చునేది ఎవరు? వాళ్ల నంబరు చెప్పండి" అని అడగండి.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు, చేతి పనులు నేర్పే ఓటీ, ఆర్సీఐ కిందికి రారు. బీఓటీ లేదా ఎంఓటీ డిగ్రీ ఉందా అని చూడాలి. వీళ్లని 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి తెచ్చారు. ఫిజియోథెరపీ చదివినవారితో ఓటీ చేయించి అదే బిల్లు వేసే చోట్లుంటాయి, జాగ్రత్త.

ఏబీఏ థెరపిస్టు అనే వర్గం ఆర్సీఐ పట్టికలోనే లేదు. అందుకే ఇక్కడే మోసం ఎక్కువ. అమెరికాలోని బీఏసీబీ అనే బోర్డు బీసీబీఏ (ప్లాన్ రాసే పెద్ద థెరపిస్టు), ఆర్‌బీటీ సర్టిఫికెట్లు ఇస్తుంది. 2023 నుంచి కొన్ని దేశాలకే పరిమితం చేసి, మనలాంటి దేశాల వారికి కొత్తగా ఇవ్వడం ఆపింది. అంతకు ముందే బీసీబీఏ తెచ్చుకుని నిలబెట్టుకుంటున్నవారు ఇక్కడ ఉన్నారు. బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొడితే కనపడుతుంది. క్వాబా, ఐబీఏఓ అనే సంస్థల సర్టిఫికెట్లతో పనిచేసేవారు కూడా ఉన్నారు, వాళ్లవీ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆర్‌బీటీ అంటే 40 గంటల శిక్షణ పొందిన సహాయకుడు, సొంతంగా ప్లాన్ రాయడానికి లేదు. ఆ బోర్డు నియమం ప్రకారమే అతను పనిచేసే గంటల్లో కనీసం 5 శాతం పైవారి పర్యవేక్షణలో జరగాలి. మీ సెంటర్‌ని అదే కొలతతో అడగండి: వారానికి 30 అంటే నెలకి దాదాపు 120 గంటలు, అందులో 6 గంటలైనా పెద్ద థెరపిస్టు గదిలో కూర్చుంటారా? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పలేని సెంటర్‌కి డబ్బు కట్టొద్దు.

ఆరు నెలల అడ్వాన్స్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దండీ. ఒక నెలకి కట్టండి. సెలవులకి, మానేస్తే తిరిగి ఇచ్చేదానికి కాగితం మీద రాయించుకోండి.

ఇక ప్రభుత్వ దారులు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే నీపిడ్ ఉంది. 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఆటో అతనికి ఆ పేరే చెప్పండి. అక్కడే చిన్నపిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రం కూడా ఉంది. ఫీజులు ప్రైవేటుతో పోల్చే పనే లేదు. రోజూ ఖమ్మం నుంచి రాలేరు కానీ, పూర్తి అసెస్‌మెంట్, ఇంటి కార్యక్రమం రాయించుకుని మళ్లీ వెళ్లి చూపించుకునే ఏర్పాటు అడగొచ్చు.

ఖమ్మంలోనే రెండు చోట్ల కనుక్కోండి. ఒకటి, ప్రభుత్వ పెద్దాసుపత్రి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద, ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టుకుని చూసే డీఈఐసీ అనే కేంద్రాలు పెట్టారు. మీ దగ్గర స్పీచ్ థెరపిస్టు పోస్టు భర్తీ అయిందా అని అడగండి, కేంద్రం ఉండి మనిషి లేని చోట్లున్నాయి. రెండోది, సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రం. అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే ఐఈఆర్‌పీ టీచర్లు ఉంటారు. అది ప్రధానంగా బడి ఈడు పిల్లలకే అయినా ఇప్పటినుంచే పరిచయం ఉంటే మంచిది.

సర్టిఫికెట్ సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ఐసా అనే స్కేలుతో కొలుస్తారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 40 నుంచి 200. 70 కన్నా తక్కువైతే ఆటిజం కిందికి రాదు. చాలా పథకాలకి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వచ్చాక, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఇన్సూరెన్స్‌లో చేర్చండి. లక్ష రూపాయల వరకు కవరేజి, థెరపీ ఖర్చుకి కూడా అందులో కొంత ఉంటుంది. ముందు వైద్య పరీక్షలు అడగరు. ఏటా రెన్యూవల్ మర్చిపోతే అంతే సంగతులు. బిల్లుల మీద థెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీలు లేకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది. మొదటి రోజు నుంచే అలా బిల్లులు అడిగి పెట్టుకోండి.

మాటల_బల్ల:

పైవారు చెప్పని ఒక ముఖ్యమైన పని: వినికిడి పరీక్ష అయిందా? పిలిస్తే ఒకోసారి పలుకుతాడు అన్నారు. ఆటిజం ఉన్నా లేకున్నా మాట రాని ప్రతి పిల్లాడికీ ఓఏఈ, బెరా చేయించాలి. రైమ్ పెడితే పరిగెత్తుకొస్తాడు కదా, చెవులు బాగున్నట్టే అని వదిలేయకండి. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడని పిల్లలు కూడా అలాగే పరిగెత్తుకొస్తారు.

తెలుగు మానేయమన్నారంటే అక్కడే నాకు నమ్మకం పోయింది. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలు దానివల్ల వెనకబడతారని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. తల్లి తనకి సహజంగా రాని భాషలో మాట్లాడితే మాటలు తగ్గిపోతాయి, పాట, లాలన, ఊసులు పోతాయి, "కమ్, సిట్, గివ్" అనే ఆజ్ఞలు మిగులుతాయి. తాతయ్య, నానమ్మలతో వాడికి సంబంధమే తెగిపోతుంది. ఇంట్లో ఏ భాషయితే అదే మాట్లాడండి. సెంటర్ వాళ్లు కూడా తెలుగులోనే నేర్పాలని అడగండి. అక్కడ "వాటర్", ఇంట్లో "నీళ్లు" అయితే మొదట్లో వాడికి రెండూ వేరు.

మొదటి మాటలుగా రంగులు, జంతువులు, ఏబీసీడీలు ఎంచుకునే అలవాటు మన దగ్గర చాలా ఉంది. బిడ్డకి దాహమేస్తే "ఎలిఫెంట్" ఎందుకు పనికొస్తుంది? "ఇవ్వు", "తియ్యి", "ఇంకా", "వద్దు", "ఎత్తుకో", "అయిపోయింది", ఇవి కావాలి. ముఖ్యంగా "వద్దు". వద్దు అని చెప్పగలిగిన పిల్లాడు నెట్టేయడం, కొరకడం తగ్గిస్తాడు.

కార్డులు వాడితే మాట రాకుండా పోతుందని చాలామంది భయపెడతారు. అది నిజం కాదు. బొమ్మలు, సైగలు, మాట్లాడే యాప్‌లు మాటని అడ్డుకుంటాయని ఆధారం లేదు, కొందరిలో మాట పెరిగింది కూడా. మరోవైపు నోట్లో బ్రష్ తిప్పడం, బుగ్గలు మసాజ్ చేయడం, విజిల్ ఊదించడం అనే "ఓరల్ మోటార్" కసరత్తులతో గంట నింపేస్తే ప్రశ్నించండి. వాటితో మాట వస్తుందని చెప్పే గట్టి ఆధారం లేదు. బుడగలు ఊదడం మంచిదే, బుడగ కోసం అడగడం నేర్పడానికి.

చేతులు_ఊపనివ్వండి:

ఏబీఏ గురించి మాట్లాడేటప్పుడు దాని చరిత్ర కూడా చెప్పాలి. అమెరికా సైకాలజిస్టు లొవాస్ 1987లో అచ్చువేసిన అధ్యయనం మీదే వారానికి 30, "40 గంటలు" అనే మాట నిలబడింది. 19 మంది పిల్లలు, వారానికి 40 గంటలు, రెండేళ్లకు పైగా. వారిలో 9 మంది మామూలు పిల్లలతో సమానమయ్యారన్నారు. గట్టిగా అరవడం, తొడ మీద కొట్టడం కూడా ఆ పద్ధతిలో భాగమే. పిల్లల్ని లాటరీ పద్ధతిలో విడదీయలేదు కూడా. ఇవాళ ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది ఏబీఏని తప్పుపట్టేది కొట్టడం గురించే కాదు. చేతులు ఊపొద్దు, కళ్లలోకి చూడు, పిలిస్తే రా, చెప్పింది చెయ్యి అంటూ పిల్లాడిని బయటికి మామూలుగా కనిపించేలా దిద్దడమే లక్ష్యమైంది. చేతులు ఊపడం వాడికి ఒక ఊరట. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు దాన్ని ఆపి ఎవరికి లాభం? కళ్లలోకి చూడటం కొందరికి నిజంగానే బాధ.

ఇంకో సంగతి. ఎవరు ముట్టుకున్నా, ఏం చెప్పినా ఒప్పుకోవడమే నేర్పిన పిల్లాడు పెద్దయ్యాక ప్రమాదంలో ఉంటాడు. సెంటర్ వాళ్ల గోల్స్ కాగితం అడిగి చదవండి. అందులో "సిట్టింగ్ టాలరెన్స్, ఐ కాంటాక్ట్, కమాండ్ ఫాలోయింగ్" ఈ మూడే ఉంటే అది వాడి కోసం రాసింది కాదు. బెల్టు ఉన్న కుర్చీ కనిపిస్తే ఆ గది నుంచి పిల్లాడిని ఎత్తుకుని వచ్చేయండి.

ఏబీసీ_నోటు:

పైన రాసినదాంట్లో నేను కాదనేది పెద్దగా లేదు. ఒక్క తేడా: కొరుక్కోవడం, తల కొట్టుకోవడం, రోడ్డు మీదికి పరిగెత్తడం, తిండి రెండు రకాలకి మించకపోవడం, ఇలాంటి చోట ముందు-పని-తర్వాత అని విడదీసి చూసే పద్ధతికి సాటి వచ్చేది తక్కువ. పనిముట్టు ఒకటే. దేనికి వాడుతున్నారన్నదే గొడవ.

ఇప్పుడు చిన్నపిల్లలకి బల్ల దగ్గర కూర్చోబెట్టి కార్డులు చూపించే పాత పద్ధతి కన్నా ఆటలో, తిండిలో, స్నానంలో కలిపి నేర్పేవి ముందుకొచ్చాయి. ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్, జాస్పర్, పివొటల్ రెస్పాన్స్ ఈ కోవలోవి. మీరు వెళ్లే సెంటర్ ఈ పేర్లు చెప్పకపోయినా పర్లేదు, పిల్లాడు ఎంచుకున్న ఆటలోకి థెరపిస్టు వెళ్తున్నారా, లేక వాడినే తన బల్ల దగ్గరికి లాగుతున్నారా అని చూడండి.

గంటల ప్రశ్నకి: 2024లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, చిన్నపిల్లల్లో గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనే ఆధారం దొరకలేదు. తల్లిదండ్రులకి నేర్పే పద్ధతి మన ప్రాంతంలోనే పరీక్షించారు. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను నిపుణులు కాని కార్యకర్తల చేత చేయించారు. తల్లిదండ్రులు పిల్లాడికి అనుగుణంగా స్పందించే తీరు మెరుగైంది, పిల్లాడు తనంతట తానే వాళ్లని పలకరించడం పెరిగింది. 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి "30 గంటలు రాకపోతే పిల్లాడి వయసు దాటిపోతుంది" అని భయపెట్టి అమ్మేవారి మాట నమ్మొద్దు. వారానికి 5, 6 గంటలు మంచి చేతిలో, మిగతాది ఇంట్లో, ఇదీ నా సలహా. మీ విషయంలో ఖమ్మంలో ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ లేదా స్పీచ్ థెరపిస్టు, హైదరాబాద్ నుంచి వారానికొక వీడియో కాల్, నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్లి చూపించుకోవడం కుదురుతుంది. వీడియో కాల్‌లో పిల్లాడికి చెప్పించుకోకండి, మీకు నేర్పించుకోండి.

ఖమ్మం_అమ్మ:

అందరికీ చాలా థాంక్సండీ. ఆ సెంటర్‌కి వద్దని చెప్పేశాం. రెండు సందేహాలు. గోల్ అంటే ఎలా రాసి ఉంటే మంచిదో ఒక ఉదాహరణ చెప్పండి. ఇంట్లో ఎంతసేపు, ఎలా చెయ్యాలి? పొద్దున నుంచీ వంట, పని ఉంటాయి, రెండు గంటలు కూర్చోవడం నావల్ల కాదు.

మాటల_బల్ల:

రెండు గంటలు కూర్చోవద్దు అసలు. స్నానం, తిండి, బట్టలు, లిఫ్టు లేదా మెట్లు, ఇవి ఎలాగూ రోజూ ఉండేవే. వాటిలోనే.

స్నానం తీసుకోండి. మగ్గుతో నీళ్లు పోస్తూ ప్రతిసారి "పొయ్యి!" అనండి, ఒకే స్వరంతో. నాలుగు మగ్గులు అలా పోశాక ఐదోది పైకెత్తి ఆపండి. మగ్గు గాల్లోనే ఉండాలి, మీ ముఖం వాడికి కనపడేంత కిందికి ఉండాలి. నోరు మెదపకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. వాడు చూసినా, చెయ్యి మగ్గు మీద పెట్టినా, "ప్" అన్నా అది అడగడమే. వెంటనే "పొయ్యి!" అని పోసేయండి. ఏమీ చేయకపోతే వాడి చెయ్యి మగ్గుకి తాకించి పోయండి. ఏడ్చేదాకా ఆపొద్దు. మూడు నాలుగుసార్లు చాలు, స్నానం పరీక్ష కాకూడదు.

అందరూ చేసే పొరపాటు ఆగలేకపోవడం. ఐదు సెకన్లు మనకి చాలా పొడుగనిపిస్తుంది, రెండో సెకనులోనే "పొయ్యి అను, పొయ్యి అను" అంటాం. ఆ హడావిడిలో వాడు అనబోయేది మునిగిపోతుంది. ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని చూడండి, ఎవరు ఎంత మాట్లాడారో కనపడుతుంది.

తిండి దగ్గర డబ్బా మూత బిగించి ఇవ్వండి, "తియ్యి" కోసం. బిస్కట్ నాలుగు ముక్కలు చేసి పెట్టుకోండి, "ఇంకా" కోసం. వాడికి ఇష్టమైన వస్తువు అందని ఎత్తులో, కానీ కంటికి కనపడే చోట పెట్టండి. ఇల్లంతా ఇలా బిగించకండి సుమా. ప్రతి ముద్దకీ అడిగిస్తే తిండే మానేస్తాడు.

ఏబీసీ_నోటు:

గోల్ ఉదాహరణ. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాస్తే అది గోల్ కాదు, కోరిక. ఇలా ఉండాలి: "ఇష్టమైన 3 వస్తువుల్లో ఏదైనా కనపడినప్పుడు, ఎవరూ అడగకుండా, చెయ్యి పట్టి సాయం చేయకుండా, కార్డు ఇచ్చి గానీ మాటతో గానీ అడుగుతాడు. 10 అవకాశాల్లో 8 సార్లు, వరసగా 3 సెషన్లు. అమ్మతోనూ, థెరపిస్టుతోనూ. సెంటర్‌లోనూ, ఇంట్లోనూ." చివరి రెండు వాక్యాలు కొట్టేయనివ్వకండి. థెరపిస్టు దగ్గర పది మాటలు చెప్పి ఇంట్లో ఒక్కటీ చెప్పని పిల్లలు చాలామంది ఉంటారు. నేర్పినవారి దగ్గరే, నేర్పిన బల్ల దగ్గరే పరిమితమైపోయిందన్నమాట.

ఒకేసారి మూడు నాలుగు గోల్స్ చాలు. ప్రతి సెషన్‌లో ఎన్ని అవకాశాలు, ఎన్నిసార్లు సాయంతో, ఎన్నిసార్లు సాయం లేకుండా అని రాసిన కాగితం ఉండాలి. దాని ఫోటో మీరు అడిగిన రోజున ఇవ్వాలి. రెండు మూడు వారాలు ఆ లెక్క పైకి కదలకపోతే నేర్పే తీరు మార్చాలి. "మీ బాబు సహకరించట్లేదు" అనే వాక్యం రిపోర్టులో కనిపిస్తే ఏం మార్చి చూశారో అడగండి.

ఫోన్ గురించి మిగిలిపోయింది. కార్డుతో అడగడం చిన్న వస్తువులతో కుదిరాక ఫోన్‌కి రండి. ఒక్కసారిగా లాక్కోకండి. రెండు నిమిషాలకి టైమర్ పెట్టండి, మోగే ముందు వాడికి ఇష్టమైన ఇంకో వస్తువు మీ చేతిలో సిద్ధంగా ఉండాలి. మోగగానే "అయిపోయింది" అని ఫోన్ తీసుకుని అది ఇవ్వండి. మొదటి రోజుల్లో అర నిమిషం తర్వాత, వాడు శాంతంగా ఉండి కార్డు ఇస్తే ఫోన్ మళ్లీ ఇచ్చేయండి. ఫోన్ పోతే మళ్లీ వస్తుందని వాడికి తెలియాలి. తర్వాత ఆ అర నిమిషాన్ని ఒకటి, మూడు, ఐదు చేసుకుంటూ పొండి. బ్యాటరీ అయిపోయి ఆరిపోయే రోజు కోసం "అయిపోయింది" కార్డు ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ఫైలు_మాస్టారు:

ఒక హెచ్చరిక రాసి ఆపుతాను. మీరు రిపోర్టు పట్టుకుని నాలుగు చోట్ల తిరిగేసరికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ గురించి ఎవరో ఒకరు చెప్తారు. లక్షల్లో ఉంటుంది. ఆటిజానికి దాన్ని చికిత్సగా ఇవ్వకూడదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది. ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్ ఇంకా ప్రమాదం, కాల్షియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పాలు, గోధుమ మానేయమనే డైట్‌కి కూడా ఆటిజం తగ్గిస్తుందనే ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు తినే పిల్లాడికి రెండు తగ్గించినట్టవుతుంది.

నీపిడ్‌కి వెళ్లేటప్పుడు పిల్లాడి ఆధార్, జనన ధ్రువపత్రం, డాక్టర్ రిపోర్టు, బెరా రిపోర్టు, ఏబీసీ_నోటు గారు చెప్పిన వారం రోజుల నోటుబుక్, ఇంట్లో తీసిన రెండు చిన్న వీడియోలు పట్టుకెళ్లండి. వీడియోల్లో ఒకటి ఆడుకునేటప్పుడు, ఒకటి ఫోన్ తీసుకున్నప్పుడు. కొత్త చోట పిల్లాడు ఇంట్లోలా ఉండడు కాబట్టి వాళ్లకి ఇవి చాలా పనికొస్తాయి. పొద్దున్నే రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర ఉండేలా బయల్దేరండి. అసెస్‌మెంట్ ఒక్క రోజులో అవ్వదు, రెండోసారి రావలసిన తేదీ అక్కడే రాయించుకుని రండి. వాడి నిద్ర టైము చెప్పి దానికి ముందు స్లాటు అడిగితే ఇంకా మంచిది.